బెంగళూరులో తన బాగు తాను చూసుకోవడం: డబ్బు ఎక్కడ అక్కర్లేదు, ఎక్కడ తప్పదు

మారతహళ్లిలో ముగ్గురు సర్దుకునే పీజీ గదిలో ఉంటున్న కొత్త ఉద్యోగి, సర్జాపుర రోడ్డులో అపార్ట్‌మెంట్ కొని ఈఎంఐలు కడుతున్న దంపతులు, మనవణ్ని చూసుకోవడానికి ఒంగోలు నుంచి వచ్చి పన్నెండో అంతస్తులో పగలంతా తలుపులు వేసుకుని కూర్చునే అమ్మమ్మ: బెంగళూరు తెలుగువారిలో వీళ్ల అలసటలు వేరు, ఆదాయాలు వేరు, చేతిలో ఉన్న తీరికా వేరు. అయినా ‘సెల్ఫ్ కేర్’ మాత్రం అందరి ఫోన్లలోకీ ఒకే వేషంలో వస్తోంది. స్పా ప్యాకేజీ, జిమ్‌కు ఏడాది సభ్యత్వం, ధ్యానం నేర్పే యాప్‌కు నెలవారీ చందా, నంది హిల్స్ దారిలో రిసార్టులో ఒక వారాంతం. ఇది చూసి కొందరు, అదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారమని పక్కన పెట్టేస్తున్నారు. మరికొందరు క్రెడిట్ కార్డు గీకి కొంటున్నారు. తన బాగు తాను చూసుకోవడమంటే ఏదో ఒకటి కొనడమేనన్న నమ్మకం ఇద్దరిలోనూ ఉంది.

ఆ నమ్మకం ఎందుకు నిలవదో చూడాలంటే, ఈ మాట కింద కలిసిపోయిన మూడు సంగతులను ముందు విడదీయాలి. ఒళ్లూ మనసూ చెడిపోకుండా రోజూ నిలుపుకోవడం ఒకటి. అప్పటికే పట్టిన అలసటను దించుకోవడం రెండోది. సరదాగా, సుఖంగా నాలుగు గంటలు గడపడం మూడోది. మొదటిదానికి డబ్బు చాలా తక్కువ చాలు గాని, అది రోజు తప్పకుండా జరగాలి. రెండోదానికి తీరిక, నిశ్శబ్దం, తలుపు వేసుకోగలిగిన చోటు కావాలి. మూడోదానికి మాత్రమే బజారులో ధర పలుకుతుంది కాబట్టి ప్రకటనలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. గ్లోబల్ వెల్‌నెస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ లెక్క ప్రకారం తిండి, వ్యాయామం వంటివి కూడా కలుపుకుని 2023లో ప్రపంచవ్యాప్తంగా ‘వెల్‌నెస్’ రంగం విలువ 6.3 లక్షల కోట్ల డాలర్లు. సరదాను తప్పు పట్టనవసరం లేదు. కాకపోతే నిద్ర చాలనివాడు మసాజ్ కొనుక్కుంటే రెండు గంటలు హాయిగా ఉంటుంది, నిద్ర లోటు అలాగే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్వచించిన తీరు గమనించదగ్గది. ఆరోగ్యాన్ని పెంపొందించుకోవడం, జబ్బు రాకుండా చూసుకోవడం, వచ్చినదాన్ని తట్టుకుని నిలవడం వంటివి ఆరోగ్య కార్యకర్త సాయం ఉన్నా లేకపోయినా చేసుకోగల సామర్థ్యమని అది చెబుతుంది. ఆ సామర్థ్యం ఎవరిదన్న చోట వ్యక్తులతో పాటు కుటుంబాలనూ, సమూహాలనూ పేర్కొంటుంది. ప్రకటనల్లో కనిపించే మనిషి ఎప్పుడూ ఒక్కడే, కళ్లు మూసుకుని, కొవ్వొత్తి పక్కన. ఈ రెండు చిత్రాల మధ్య తేడాలోనే ఖర్చు సమస్యలో చాలా భాగం దాగి ఉంది.

డబ్బు దిగులు చేసే పని

ఖర్చు పెట్టి ఒత్తిడి తగ్గించుకోవాలనుకునేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడులోని 464 మంది చెరకు రైతులపై జరిగింది. చెరకు రైతుకు ఏడాది మొత్తం మీద డబ్బు ఒక్క విడతలోనే చేతికొస్తుంది కాబట్టి, కోతకు ముందు చేతిలో ఏమీ లేని రోజుల్లో, కోత తర్వాత డబ్బు చేరిన రోజుల్లో అదే మనిషికి అవే రకం పరీక్షలు పెట్టి చూశారు. కోతకు ముందు ఆలోచనా శక్తి, ఏకాగ్రత తగ్గినట్టు తేలింది. ఈ ఫలితం ఎంత బలమైనదన్న విషయంపై తర్వాత పరిశోధకుల మధ్య వాదం నడిచింది. అయినా నెలాఖరున అద్దె, స్కూలు ఫీజు, ఊళ్లో నాన్నకు పంపాల్సిన మందుల డబ్బు ఒకేసారి గుర్తొచ్చినవారికి ఆ రైతు స్థితి కొత్తగా అనిపించదు.

బెంగళూరులో ఈ దిగులుకు ఇక్కడి కారణాలు తోడవుతాయి. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే అనేక నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం ఇక్కడ మామూలు. ఆ సొమ్ము కోసం చేసిన చేబదులు తీరకముందే ఇల్లు మారాల్సి వస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఇలాంటి స్థితిలో ‘నాకు నేను ఇచ్చుకునే కానుక’ పేరుతో వాయిదాల మీద కొన్న ప్రతి వస్తువూ కుండకు చిల్లు పెట్టుకుని నీళ్లు పోసినట్టే అవుతుంది. నెల మొదట్లో జీతం పడిన రోజునే కొంత విడిగా తీసి, అత్యవసరానికి తప్ప ముట్టని ఖాతాలో వేసుకోవడాన్ని ఎవరూ సెల్ఫ్ కేర్ అని పిలవరు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి లెక్కలు వేసుకునే అలవాటును తగ్గించగలిగేవాటిలో మాత్రం అది ముందుంటుంది.

కొనడం వల్ల చెయ్యడం జరిగిపోదన్న దానికి జిమ్ సభ్యత్వాల మీద జరిగిన పరిశోధన మంచి ఉదాహరణ. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో అమెరికాలోని జిమ్ సభ్యుల హాజరు వివరాలు పరిశీలించి రాసిన పత్రంలో, నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవారు సగటున నెలకు నాలుగు సార్లకు మించి పెద్దగా వెళ్లలేదని, అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడిందని తేల్చారు. పదిసార్లకు చెల్లే పాస్ తీసుకుని వెళితే అదే రాక 10 డాలర్లకు వచ్చేది. ఎక్కువ కడితే తప్పక వెళతామని మనకు మనమే చెప్పుకునే లెక్క ఇది. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో జనవరి నెలలో కట్టిన ఏడాది చందాలకూ ఇది వర్తిస్తుందని ఊహించడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

నిద్ర

పైసా ఖర్చు లేకుండా అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది నిద్రే అయినా, అందరూ అన్నిటికన్నా ముందు కోత పెట్టేది కూడా దానికే. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటలు కావాలని నిద్ర వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. ఐటీ ఉద్యోగికి అది దొరకకపోవడానికి కారణం బద్ధకమో ఫోనో మాత్రమే అనుకోవడం అన్యాయం. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే వేసవిలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు. అక్కడివాళ్లకు పని ఊపందుకునే వేళకు ఇక్కడ మీటింగు మొదలవుతుంది, అది ముగిసి తిని పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున్నే ఆఫీసు క్యాబ్ మళ్లీ వస్తుంది. ఈ లెక్కను లావెండర్ నూనె మార్చలేదు. వారంలో ఎన్ని రాత్రులు ఇలా కూర్చోవాలి, మర్నాడు పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టే వీలుందా అని మేనేజరును అడగడం దీనికి అసలైన మందు. కానీ అడగడానికి చొరవ కావాలి, ఉద్యోగం మీద కొంత భరోసా కూడా ఉండాలి. అందరికీ ఆ స్థితి లేదు.

మన చేతిలో ఉన్నంత వరకు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి ఆఫీసు పక్క దర్శిని టిఫిను హోటల్లో నిలబడి తాగిన ఫిల్టర్ కాఫీ రాత్రి పదకొండు గంటలకు సగం బలంతో ఇంకా పని చేస్తూనే ఉంటుందన్నమాట. పడుకునే వేళ మన చేతిలో లేకపోయినా లేచే వేళను సెలవు రోజుల్లో సహా ఒకేలా ఉంచుకోవడం శరీరంలోని గడియారాన్ని నిలబెడుతుంది. శనివారం మధ్యాహ్నం దాకా పడుకుని ఆదివారం రాత్రి నిద్ర పట్టక దొర్లడం దీనికి వ్యతిరేక దిశలో జరిగే పని. పీజీ గదిలో అయితే లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫోను ఎక్కడ మాట్లాడాలి అన్న విషయంపై మిగతా ఇద్దరితో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం, దూది లాంటి ఇయర్ ప్లగ్‌లు, కళ్ల మీదకు మడత పెట్టిన నల్లగుడ్డ చాలు. నెలల తరబడి నిద్ర పట్టని స్థితి వేరు. దానికి మాత్రలకన్నా ముందు ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే ఒక ప్రత్యేక మానసిక చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. అందులో ఒక సూత్రం ఇంట్లోనే పాటించదగ్గది: పడుకున్నాక చాలాసేపు నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేసుకుని, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోవాలి.

తిండి, నడక

తిండి విషయంలో బెంగళూరు తెలుగువాడికి దారి తెలియక కాదు, వంటగది లేక ఇబ్బంది. పీజీలో పెట్టేది తినలేక రాత్రికి యాప్‌లో బిర్యానీ తెప్పించుకుంటే, ప్యాకింగు, డెలివరీ, ప్లాట్‌ఫారం ఫీజులన్నీ కలిసి తిండి ధర మీద కొసరులా పడతాయి. దానికి ప్రత్యామ్నాయంగా చాలామంది ఎంచుకునేది ప్రొటీన్ పొడి డబ్బా. అది అంతకన్నా ఖరీదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు 17 సూత్రాలు చెబుతూ, ప్రొటీన్ పొడులను వాడవద్దనే సూచించాయి. 100 గ్రాముల వేరుశనగపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. అన్నంలో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లోని ఒక భాగం) పప్పులో ఎక్కువగానూ, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అన్నంలోనూ ఉంటాయి కనుక పప్పన్నం కలిపి తినడంలో ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రాగులు ఇక్కడి పంట. 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండే ఈ ధాన్యం రాయలసీమలో సంకటి, ఇక్కడ ముద్ద. కెటిల్ తప్ప మరేమీ లేని గదిలో కూడా గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు, రాత్రి నానబెట్టిన పెసలు పొద్దున్నే తినవచ్చు. కూరగాయలు, పండ్లకు ఉద్యాన రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణాలు ఉన్నాయి. 2017లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఇందిరా క్యాంటీన్లలో మొదట్లో టిఫిను 5 రూపాయలకు, భోజనం 10 రూపాయలకు పెట్టారు. కుర్తా వేసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అక్కడ వరుసలో నిలబడటానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఒక్క ఉప్పు విషయంలోనే మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరి నుంచి వచ్చిన పచ్చడి సీసా, పొడి డబ్బా, మెస్సులో వడ్డించే అప్పడం కలిస్తే ఆ హద్దు మధ్యాహ్నానికే దాటుతుంది. ఆవకాయ మానమని గుంటూరువారికి చెప్పే ధైర్యం నాకు లేదు. మూడు పూటలా వేసుకోవద్దని మాత్రం చెప్పగలను.

నడకకు ఈ నగరం ఇంకా అనువైనదే. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉండటం వల్ల మే నెలలో కూడా ఇక్కడి పొద్దులు విజయవాడ పొద్దుల్లా ఉండవు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలాలని, వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కులో నడవడానికి టికెట్టు లేదు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన లాల్‌బాగ్ దాదాపు 240 ఎకరాల తోట. అందులోని బండ దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో జరిగిన అధ్యయనంలో, వారానికి మొత్తం రెండు గంటలైనా పచ్చని చోట్ల గడిపినవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆరోగ్యం బాగున్నవాళ్లే పార్కులకు ఎక్కువగా వెళతారన్న వాదనను ఆ అధ్యయనం పూర్తిగా కొట్టిపారేయలేదు గనుక దీన్ని మందు చీటీలా తీసుకోకూడదు.

అయితే వైట్‌ఫీల్డ్‌లో ఉన్నవారికి కబ్బన్ పార్కు పేరు చెప్పడంలో ఒక మోసం ఉంది. పార్కులో అడుగు పెట్టడం ఉచితమే అయినా అక్కడికి వెళ్లి రావడానికి సగం పూట పోతుంది. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయ్యాక కబ్బన్ పార్కు స్టేషన్‌లో నేరుగా దిగే వీలు వచ్చింది గాని, రోజూ నడవడానికి అంత దూరం వెళ్లడం కుదిరే పని కాదు. ఇంటికి దగ్గరి చెరువు గట్టు ఇందుకు నయం. సర్జాపుర రోడ్డువారికి కైకొండ్రహళ్లి, హెచ్ఎస్ఆర్ వారికి అగర, ఉత్తరాన జక్కూరు, మల్లేశ్వరం వైపు 1882లో కట్టిన శాంకీ చెరువు. కండరాలకు పని కావాలంటే అపార్ట్‌మెంటు మెట్లు ఉన్నాయి, చిన్నప్పుడు మాస్టారు తీయించిన గుంజీళ్లు ఉన్నాయి. స్త్రీల విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డుతో బీఎంటీసీ సాధారణ బస్సుల్లో టికెట్టు డబ్బు లేకుండా తిరగవచ్చు. ఆధార్‌లో ఊరి చిరునామా మార్చుకోని తెలుగు మహిళలకు ఇది అందడం లేదు.

ఉచితానికి ఎవరి గంటలు ఖర్చవుతున్నాయి

ఇంత వరకు చెప్పినవాటిలో డబ్బు అక్కర్లేనివన్నీ ఒక్కటి మాత్రం అడుగుతున్నాయి: సమయం. నానబెట్టడానికి, ఉడకబెట్టడానికి, నడవడానికి, ఏడు గంటలు పడుకోవడానికి కావలసిన గంటలు ఎవరి దగ్గర ఉన్నాయి? 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, పురుషులు 88 నిమిషాలు. పిల్లల్నీ, పెద్దల్నీ, రోగుల్నీ చూసుకునే పని దీనికి అదనం. అంటే ‘తక్కువ ఖర్చుతో సెల్ఫ్ కేర్’ అని రాసే వ్యాసాలు చెప్పే సగం చిట్కాలు, ఇంట్లో ఉన్న ఒకరి గంటలను ఇంకొకరి ఆరోగ్యానికి మళ్లించే చిట్కాలే. భర్త పొద్దున ఆరింటికి అగర చెరువు చుట్టూ నడిచి రావడం ఉచితంగానే జరుగుతుంది, ఆ వేళకు భార్య టిఫిను బాక్సులు సర్దుతూ ఉంటే.

కనుక ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో మొదటి మెట్టు కొత్త అలవాటు చేర్చుకోవడం కన్నా పాత పనిని పంచుకోవడం అవుతుంది. వారానికి రెండు పొద్దులు ఆమె నడిచే పొద్దులని, ఆ రోజుల్లో పిల్లల స్నానం, జడలు, టిఫిను, బస్సు దాకా దించిరావడం ఆయన పనులని రాసి పెట్టుకుంటే, అది ఒకరు మరొకరికి చేసే ఉపకారం అన్న భావం పోయి ఇంటి పద్ధతిగా నిలబడుతుంది. ఇంట్లో ఏ పని ఎవరికి గుర్తుండాలన్నది కూడా పంచుకోవలసిన పనే. గ్యాసు బుక్ చెయ్యాలి, టీకా తేదీ దగ్గరపడింది, అత్తగారి బీపీ మాత్రలు రేపటితో అయిపోతాయి అని మనసులో మోసే జాబితా నిమిషాల లెక్కలో ఎక్కడా కనపడదు. డబ్బు కొద్దిగా ఉన్న ఇంట్లో ఖర్చు పెట్టదగ్గ చోటు కూడా ఇక్కడే కనిపిస్తుంది. నెలకు ఒకసారి స్పాకు పోయే సొమ్ము వంటమనిషికి వారంలో మూడు రోజులకు సరిపోతుందేమో లెక్క చూసుకోవాలి.

మనసు బరువు దించుకోవడానికి చెప్పే ఖర్చులేని పద్ధతుల్లో కాగితం మీద రాసుకోవడం ఒకటి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమను లోతుగా బాధపెట్టిన సంగతి గురించి రాశారు. రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు. తర్వాత జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే ప్రభావం ఉంది గాని చిన్నదని తేలింది. కొందరికి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది కూడా. నోటుబుక్కు ఖరీదుకు ఆ చిన్న ప్రభావం చవకే. ఇంట్లో ఎవరూ తెరిచి చూడరన్న నమ్మకం మాత్రం ఉండాలి. ఇరుకు ఇళ్లలో ఆ నమ్మకం దొరకడం కష్టం.

డబ్బు మిగల్చకూడని చోటు

పొదుపు గురించి మాట్లాడుతూ ఈ భాగాన్ని వదిలేస్తే అపకారం జరుగుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టపడ్డ దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండీ నిద్రా తలకిందులు కావడం, బతకడం దేనికన్న ఆలోచన రావడం వంటివి నడకతోనూ నోటుబుక్కుతోనూ సరిపెట్టుకోవలసినవి కావు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన, ఫోనులోనే మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద రోజులో ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు పడదు. ఎంచుకోదగిన భాషల్లో తెలుగు ఉంది. ఈ సేవకు జాతీయ స్థాయిలో పెద్ద దిక్కు బెంగళూరు హోసూరు రోడ్డులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే ఆ ప్రభుత్వ సంస్థ ఔట్‌పేషెంట్ విభాగంలో రద్దీ విపరీతం, వేచి ఉండటానికి పూట పోతుంది. కానీ వరుస వారాల పాటు ప్రైవేటు కౌన్సెలింగుకు అయ్యే ఖర్చును మోయలేని కుటుంబానికి ఆ పూట తక్కువ ధరే. ఉద్యోగులు చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా సంస్థలు శారీరక జబ్బులకు ఇచ్చే ప్రాతిపదికనే మానసిక జబ్బులకూ బీమా కల్పించాలి. కంపెనీ ఇచ్చిన పాలసీలో ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుందా, ఔట్‌పేషెంట్ ఖర్చులు కూడా ఇస్తారా అన్నది హెచ్ఆర్‌ను అడిగి తెలుసుకోవాలి. చాలా కంపెనీలు ఉద్యోగులకు ఉచితంగా కొన్ని కౌన్సెలింగు విడతలు ఇస్తాయి. పేరు బయటికి పోతుందేమోనన్న భయంతో వాటిని వాడుకోనివారు ఉన్నారు, గోప్యత నియమాలు ముందే అడగడంలో తప్పేమీ లేదు.

ఒంటి సంగతిలోనూ ఇంతే. పన్ను నొప్పిని లవంగంతో ఆరు నెలలు సాగదీసి చివరకు రూట్ కెనాల్ చేయించుకోవడం, కళ్లద్దాల నంబరు మారినా మార్చకుండా తలనొప్పి మాత్రలు మింగడం పొదుపు కిందికి రావు. బీపీ, షుగర్ పరీక్షలకు నగరంలో 2022-23 కాలంలో ప్రభుత్వం తెరిచిన నమ్మ క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ సంప్రదింపు ఉచితం. రోజూ వేసుకోవలసిన మందులను జన ఔషధి కేంద్రాల్లో జెనరిక్ రూపంలో కొంటే బ్రాండు మందులతో పోలిస్తే ఖర్చు సగానికి, కొన్నిటికి అంతకన్నా కిందికి దిగుతుంది. అయితే మార్చే ముందు చీటీ రాసిన వైద్యుణ్ని ఒక మాట అడగాలి.

తోడు

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. వలస వచ్చిన ఊళ్లో దీనికి మొదటి విరుగుడుగా మనవాళ్లు ఎంచుకునేది శుక్రవారం రాత్రి మడివాళలోనో మారతహళ్లిలోనో ఊరి బస్సెక్కడం. సంక్రాంతి ముందు ప్రైవేటు బస్సుల ధరలు చూసినవారికి అది ఖర్చు తక్కువ పద్ధతి అని చెప్పలేం. రెండు రాత్రులు బస్సులో కూర్చుని సోమవారం పొద్దున సరాసరి ఆఫీసుకు వెళ్లేవాడికి విశ్రాంతి దొరికిందనీ చెప్పలేం. అమ్మ చేతి అన్నం తిన్న తృప్తి వేరే లెక్క, దాన్ని ఇక్కడ కలపను.

ఈ ఊళ్లో ఉంటూనే నలుగురిలో కలవడానికి దారులు ఉన్నాయి. 2023 జనవరి నుంచి శనివారాల్లో కబ్బన్ పార్కులో ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకుని పక్కపక్కన మౌనంగా చదువుకునే ‘కబ్బన్ రీడ్స్’ అనే కూడిక మొదలైంది. మాట కలపాలన్న ఒత్తిడి లేకుండా మనుషుల మధ్య కూర్చోవాలనుకునే బిడియస్తులకు అది బాగా నప్పుతుంది. అదే తోటలో ఎర్రటి శేషాద్రి అయ్యర్ స్మారక భవనంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో ప్రసంగాలు, కచేరీలు చాలావరకు అందరికీ ఉచితం. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. గుళ్లలో శ్రీరామనవమి రోజుల్లో సాయంత్రాలు కచేరీలు జరిగినప్పుడు పాడేది కన్నడ గాయకులైనా పాట త్యాగరాజ కీర్తనే కాబట్టి, భాష తెలియని ఊళ్లో ఉన్నామన్న భావం ఆ రెండు గంటలు ఉండదు.

ఇవన్నీ కాళ్లలో సత్తువ, చేతిలో తీరిక, ఫోన్‌లో దారి చూసుకునే అలవాటు ఉన్నవారికి. మొదట చెప్పిన అమ్మమ్మల సంగతి వేరు. బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగు దంపతులు ఎందరికో పిల్లల సంరక్షణ ఖర్చు లేకుండా జరిగిపోతోందంటే, ఆ ఖర్చును భరిస్తున్నది ఊళ్లో ఇల్లు తాళం పెట్టి, ఇరుగుపొరుగును, గుడిని, కొన్నిచోట్ల భర్తను కూడా వదిలి వచ్చిన ఈ స్త్రీలు. వీళ్లకు జీతం లేదు, వారపు సెలవూ లేదు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్ల పిల్లాడి వెంట పరిగెత్తే మనిషిని ‘అత్తయ్యా, యోగా చెయ్యండి’ అనడం పని పెంచడమే అవుతుంది. వీళ్ల విషయంలో స్వీయ సంరక్షణ భారం కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ ఎత్తుకోవలసిందే. వారంలో రెండు పూటలు పిల్లాణ్ని కాలనీలోని క్రెష్‌లో దించితే నెలకు కొంత డబ్బు పోతుంది. ఆ రెండు పూటల్లో ఆమె పక్క బ్లాకులోని నెల్లూరావిడతో కింద బెంచీ మీద కూర్చోవచ్చు, బీపీ చూపించుకోవచ్చు, ఏమీ చేయకుండా పడుకోనూ వచ్చు. ఏం చెయ్యాలన్నది ఆమె ఇష్టానికే వదలాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు ఆ రాష్ట్రం లోపలే చెల్లుతుంది, ఇక్కడి శక్తి పథకం ఆమె ఒంగోలు ఆధార్ చూసి టికెట్టు కొట్టమంటుంది. కనుక గుడికి వెళ్లి రావడానికి చిల్లర ఆమె చేతిలో విడిగా, అడగకుండానే, నెల మొదట్లోనే పెట్టాలి. ఊరికి ఎప్పుడు వెళతానంటే అప్పుడు వెళ్లే వీలు కూడా ఉండాలంటే, ఆ రెండు వారాలకు పిల్లాణ్ని ఎవరు చూస్తారన్నది దంపతులు ముందే, తమ సెలవుల పట్టిక ఎదురుగా పెట్టుకుని తేల్చుకోవాలి.